ఫోటో కెమెరాకి వీడియో సోకు అవసరమా?

కెమెరా కొనడానికి కొట్టుకెళ్తే ఫోటోల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, వీడియో గొప్పలే అరగంట చెబుతున్నారు. ఆ గొప్పల కోసం మనం అదనంగా పెట్టే డబ్బు నిజంగా అక్కరకొస్తోందా? కొనేముందు ఓసారి ఆలోచిద్దాం.

ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నేల ఎర్రబడిపోతుంది. కళ్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు. పత్తి తీతలు అప్పటికి దాదాపు అయిపోతాయి. టిక్కీలు గుంటూరు మిర్చి యార్డుకి చేరి, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయనుకోండి... అంతదాకా వాయిదా వేసుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి. పాత బాకీ, పిల్లల ఫీజులు, అమ్మాయి పెళ్లి. వాటి మధ్యలో ఏదో ఒక మూల 'ఇంట్లో ఓ మంచి కెమెరా ఉంటే బావుణ్ను' అన్న కోరిక కూడా ఉంటుంది. పట్నంలో ఉద్యోగం చేసే ఇల్లాలికైతే చీటీ పాడిన నెల ఈ కోరిక తలెత్తుతుంది.

సరే, ఒంగోలో, నరసరావుపేటో, చిలకలూరిపేటో వెళ్లి కొట్టులో అడుగుతాం. "దీంట్లో 4కె ఉందమ్మా, స్లో మోషన్ ఉందమ్మా, ఇంకో పాతిక వేలు వేసుకుంటే ఇంకా మంచి వీడియో వస్తుంది" అంటాడు కుర్రాడు. మనం వెళ్లింది ఫోటోల కోసం. బిల్లు వేయించుకునేది మాత్రం వీడియోకి!

రెండూ ఎప్పుడు కలిశాయి?

1980లు, 90ల్లో పెళ్లంటే ఫోటోలాయన వేరు, వీడియో ఆయన వేరు. ఫోటోలాయన దగ్గర 36 బొమ్మల రీలు ఉండేది. ఒక్కో బొమ్మకీ లెక్కే కాబట్టి తలంబ్రాలకి ఇన్ని, వియ్యంకులకి ఇన్ని అని ముందే అనుకుని తీసేవాడు. వీడియో ఆయనది మరో దర్జా. భుజం మీద బరువైన కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు, వెనక తీగలు మోసే మరో కుర్రాడు! ఆ లైటు వేడికి పెళ్లికూతురి కల్యాణ తిలకం కారిపోయేది. నెల తర్వాత పాటలు 'మిక్సింగ్' చేసిన క్యాసెట్టు ఇంటికొచ్చేది.

ఈ రెండు పనులూ ఒకే పెట్టెలోకి వచ్చింది 2008లో. ఆ ఏడాది నికాన్ కంపెనీ డి90 అనే కెమెరా తెచ్చింది. లెన్సులు మార్చుకునే పెద్ద డిజిటల్ ఫోటో కెమెరాల్లో వీడియో కూడా తీసింది అదే మొదటిది. కొద్ది వారాల తేడాతో కేనన్ కంపెనీ 5డి మార్క్ 2 ప్రకటించింది. వార్తలకి ఫోటోలు తీసేవాళ్లు వెబ్‌సైట్ల కోసం చిన్న చిన్న వీడియోలు కూడా తీయాల్సి రావడం దీనికొక కారణం. వాళ్లకి రెండు కెమెరాలు మోసే బాధ తప్పింది. తర్వాత సినిమా వాళ్లు పట్టుకున్నారు, ఆ తర్వాత పెళ్లిళ్ల వాళ్లు. మన ఊళ్లలో పెళ్లి వీడియోలు కాస్త సినిమాలాగా కనబడటం మొదలైంది ఈ కెమెరాల వల్లే.

అంటే గమనించండి... ఈ సదుపాయం పుట్టింది ఆ పనితో బతికేవాళ్ల కోసం. ఇంట్లో పాప పుట్టినరోజుకి ఫోటో తీసుకునే ఇల్లాలి కోసం కాదు.

తీసేసిన వాళ్లూ ఉన్నారు

"మాకొద్దు ఈ వీడియో" అని మొండికేసిన కెమెరాలు కూడా లేకపోలేదు. నికాన్ కంపెనీయే 2013లో డిఎఫ్ అనే కెమెరాని పాతకాలపు చక్రాల మీటలతో, వీడియో అన్నదే లేకుండా తెచ్చింది. జర్మనీకి చెందిన లైకా కంపెనీ 2012లో ప్రకటించిన ఎమ్ కెమెరాలో వీడియో పెట్టింది. 2017లో వచ్చిన ఎమ్10లో దాన్ని తీసేసింది. 2022లో వచ్చిన ఎమ్11లోనూ లేదు. ఫోటోలంటే ప్రాణం పెట్టేవాళ్లు దాన్ని లోటుగా అనుకోలేదు సరికదా, చాలామంది సంతోషించారు.

మరి వీడియో తీసేస్తే ధర తగ్గిందా? అబ్బే! అవి మామూలు సంసారాలకి అందని కెమెరాలు. ఇక్కడే మనకో పాఠం ఉంది. కెమెరాలో వీడియో ఉండటానికి పెద్ద ఖర్చు లేదు. లోపల ఉన్న సరంజామా చాలావరకు అదే. ఈ రోజుల్లో కొత్తగా కొనే కెమెరాల్లో వీడియో లేనిది దొరకడమే కష్టం. అందుకని 'వీడియో ఉండాలా, వద్దా?' అన్నది అసలు ప్రశ్న కాదు. 'మరింత గొప్ప వీడియో' కోసం పైమెట్టు కెమెరాకి వెళ్లాలా అన్నదే ప్రశ్న. జేబుకి చిల్లు పడేది అక్కడే.

వీడియోలోంచి ఫోటో తీసుకోవచ్చు కదా?

చాలామంది అడిగే మాట ఇది. "వీడియో తీసేస్తే సరి, అందులోంచి నచ్చిన బొమ్మ తీసి ఆల్బంలో పెట్టుకుంటాం" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క చూద్దాం.

మామూలు హెచ్‌డీ వీడియోలో ఒక్కో బొమ్మ అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల చుక్కలు. 4కె అయితే 83 లక్షలు. ఫోటో తీస్తే ఇప్పటి మధ్యరకం కెమెరా కూడా 2 కోట్ల 40 లక్షల చుక్కలిస్తుంది. ఆల్బంలో 12 అంగుళాలు, 18 అంగుళాలు పేజీ నిండా బొమ్మ శుభ్రంగా రావాలంటే 1 కోటి 90 లక్షల చుక్కలు పైగా కావాలి. హెచ్‌డీ వీడియోలోంచి తీసిన బొమ్మ అదే నాణ్యతతో అచ్చు వేస్తే దాదాపు పోస్టుకార్డు అంతే వస్తుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. వీడియో కంటికి సాఫీగా కనబడాలంటే, సెకనుకి 25 బొమ్మలు తీసేటప్పుడు ఒక్కో బొమ్మకీ సెకనులో 50వ వంతు సమయం ఇస్తారు. ఒంగోలు గిత్తలు బండ లాగే పోటీ చూశారుగా? గిట్టలు నేలని తన్నే క్షణంలో సెకనులో 50వ వంతు అంటే చాలా ఎక్కువ. కాళ్లు అలికినట్టు వస్తాయి. అదే ఫోటో అయితే సెకనులో వెయ్యోవంతులో తీసేయొచ్చు. లేచిన దుమ్ము కూడా గాలిలో ఆగినట్టుంటుంది. వీడియో కదలిక కోసం, ఫోటో ఆగిన క్షణం కోసం. ఒకటి చేసే పని రెండోది చేయలేదు.

మన ఎండ, మన కారం

కొట్టు వాడు చెప్పని మాట మరొకటి ఉంది. వీడియో తీసేటప్పుడు కెమెరా ఒళ్లు కాలుతుంది. 2020లో వచ్చిన కేనన్ ఆర్5 కెమెరాలో 8కె వీడియో ఏకబిగిన సుమారు 20 నిమిషాలే తీయొచ్చని, అదీ 23 డిగ్రీల చల్లదనంలో అని కంపెనీయే చెప్పింది. తర్వాత కొన్ని సవరణలు చేశారనుకోండి. కానీ 23 డిగ్రీలంటే మనకి సంక్రాంతి నాటి సంగతి! రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. మే నెల ముహూర్తానికి, రేకుల పందిరి కింద, వంటల పొయ్యి పక్కన కెమెరా ఎంతసేపు ఓర్చుకుంటుందో మీరే ఊహించండి.

దాచుకోవడం ఇంకో తంటా. సాధారణంగా 4కె వీడియో గంట తీస్తే 45 జీబీ దాకా పడుతుంది. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. అదే కార్డులో ఒక్కోటి 10 ఎంబీ చొప్పున ఆరు వేల ఫోటోలు పడతాయి. తీసిన వీడియోని ఓపిగ్గా చూసి, కోసి, అతికించే తీరిక ఎవరికుంది? పొద్దున క్యారేజీలు, సాయంత్రం హోంవర్కులు... వీడియో కార్డులోనే మిగిలిపోతుంది.

పాత కెమెరాల్లో 29 నిమిషాల 59 సెకన్లకి వీడియో ఆగిపోవడం కొందరు గమనించే ఉంటారు. అది కెమెరా లోపం కాదు. 30 నిమిషాలు తీయగలిగితే దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి యూరప్‌లో ఎక్కువ సుంకం వేసేవారు. ఆ సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు ఒక్క సెకను ముందు ఆపేసేవి! ఇప్పుడొచ్చే చాలా కెమెరాల్లో ఆ హద్దు లేదు.

మస్తానమ్మ గారి వంకాయ కూర

అయితే వీడియో ఎవరికీ అక్కర్లేదా? అలా అంటే తప్పే. మన గుంటూరు జిల్లాలోనే దానికి చక్కని జవాబుంది.

తెనాలి దగ్గర గుడివాడ గ్రామంలో కర్రె మస్తానమ్మ అనే పెద్దావిడ ఉండేవారు. వందేళ్లు దాటిన వయసు. 2016లో ఆమె మునిమనవడు లక్ష్మణ్ తన మిత్రుడితో కలిసి ఆవిడ వంకాయ కూర వండటం వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. 'కంట్రీ ఫుడ్స్' అనే ఆ చానల్‌ని చూస్తుండగానే పది లక్షల మంది పైగా అనుసరించారు. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో అయితే దేశదేశాలు తిరిగింది. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూస్తే విదేశీ పత్రికలు కూడా రాశాయి.

ఆలోచించండి... అదే మస్తానమ్మ గారి ఫోటో ఒకటి తీసి గోడకి పెట్టి ఉంటే? ముడతలు పడ్డ ముఖం, బోసినవ్వు కనబడేవి. నేల మీద కూర్చుని కట్టెలు ఎగదోసే తీరు, ఉప్పు చేత్తోనే అంచనా కట్టడం, మధ్యలో తన బాణీలో చెప్పే కబుర్లు... ఇవేవీ ఫోటోలో రావు. ఆవిడ చెంచాలు, గ్రాముల లెక్క చెప్పలేదు. విద్య అంతా చేతి కదలికలో ఉంది. అలాంటి చోట వీడియోనే కావాలి.

ఇంట్లో గోంగూర పచ్చడి, కారప్పొడులు చేసి అమ్ముకునేవాళ్లు, కుట్లు అల్లికలు నేర్పేవాళ్లు, పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్లు – వీళ్లకి వీడియో సోకు కాదు, పనిముట్టు. వాళ్లు వీడియో బాగా తీసే కెమెరా కొనుక్కోవడంలో తప్పులేదు. అయితే ముందు ఫోనుతో పది వీడియోలు తీసి చూడమనండి. పదోది తీసేదాకా ఓపిక ఉంటే అప్పుడు కొనొచ్చు. చూసేవాళ్లు కూడా బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు గానీ మాట వినబడకపోతే కట్టేస్తారు. అందుకని ముందు మైకు, తర్వాతే కెమెరా.

పోయింది బొమ్మ కాదు, గొంతు

ఇక మామూలు ఇళ్ల సంగతి. మనం వీడియో ఎందుకు తీయాలనుకుంటాం? నిజం చెప్పాలంటే బొమ్మ కోసం కాదు, గొంతు కోసం. పాప ముద్దు మాటలు, నాయనమ్మ పాడే మంగళహారతి, తాతయ్య దగ్గు కలిసిన కేక... ఫోటో దాచలేనివి ఇవే.

పాత పెళ్లి క్యాసెట్లలో మనం పోగొట్టుకున్నదీ అదే. అప్పగింతలప్పుడు తండ్రి అల్లుడి చేతిలో చెయ్యి పెట్టి ఏమన్నాడో, అమ్మ చెవిలో ఏం చెప్పిందో ఎంతో మందికి గుర్తు లేదు. వీడియో ఉంది, కానీ దాని మీద సినిమా పాట మిక్సింగ్ చేసేశారు! పేరంటాళ్లు పాడిన పెళ్లి పాటల మీద కూడా డ్యూయెట్లే. ఆ పాడిన చేతులు, పెదవులు కదులుతుంటాయి, గొంతులు మాత్రం ఉండవు. ఆ ముత్తైదువుల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

ఈ గొంతులు పట్టుకోవడానికి పాతిక వేలు అదనంగా పోయాల్సిన పనిలేదు. చేతిలో ఉన్న ఫోను చాలు. పైగా ఫోను ఎదురుగా ఉంటే ఇంట్లో వాళ్లు మామూలుగా మాట్లాడతారు. పెద్ద కెమెరా బయటికి తీయగానే నాయనమ్మ కొంగు సర్దుకుని నోరు కట్టేసుకుంటుంది!

మరొక మాట. తీయడం తేలికైంది కదా అని అందరినీ అన్నిచోట్లా తీసేయకూడదు. ముఖ్యంగా ఓణీల ఫంక్షన్లలో ఆడపిల్లల వీడియోలు ఇంట్లో ఆల్బంగా ఉండటం వేరు, ఊరందరి ఫోన్లలో తిరగడం వేరు. ఆ పిల్లని ఒక్కమాట అడగండి. ఆమె వద్దంటే అది వద్దనే.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

వీడియో కోసం పైమెట్టు ఎక్కకుండా మిగుల్చుకున్న డబ్బుతో ఒక మంచి లెన్సు కొనండి. 50 ఎంఎం, ఎఫ్ 1.8 అని అడిగితే ఇస్తారు. చాలా కంపెనీల్లో తక్కువ ధర లెన్సుల్లో అదొకటి. ఇంట్లో ట్యూబులైటు వెలుతురులో కూడా ఫ్లాష్ లేకుండా ముఖాలు చక్కగా వస్తాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దీపాల వెలుగులో పిల్లల్ని తీయాలన్నా ఇదే మేలు.

కొనేముందు, కొన్నాక ఇవి గుర్తుంచుకోండి:

• కెమెరా చేతిలోకి తీసుకుని చూడండి. మీ చేతికి బరువైతే అది బీరువాలోనే ఉంటుంది.

• టైమరు, ఫోనుతో దూరం నుంచి నొక్కే ఏర్పాటు ఉన్నాయా అని అడగండి. ఇంటి ఆల్బంలో అందరూ ఉంటారు, తీసే అమ్మ ఉండదు. 4కె కంటే మనకి ఇదే ముఖ్యం.

• ఇంట్లో దీపాల కింద వీడియో తీసేటప్పుడు మెనూలో 'పాల్' అని గానీ, '50 హెర్ట్జ్' అని గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చారలు రావడం చాలావరకు తగ్గుతుంది.

• వీడియో తీస్తే అరనిమిషం, నిమిషం చాలు. గంట తీసింది ఎవరూ చూడరు. నిమిషం తీసింది పదేళ్ల తర్వాత కూడా చూస్తారు.

• మిరప కళ్లంలో, పత్తి కొట్టులో లెన్సు మార్చొద్దు. కారం దుమ్ము, పత్తి నూగు లోపలికి పోతే బాగుచేయించే ఖర్చు మీదే.

• వానాకాలంలో కెమెరాని గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి. లేకపోతే లెన్సుకి బూజు పడుతుంది.

• పెళ్లికి వీడియో ఒప్పుకునేటప్పుడు "పాటలు కలపని అసలు వీడియో కూడా ఇవ్వాలి" అని ముందే చెప్పండి.

రేపటికి మిగిలేదేది?

ఒకప్పుడు ఎంతో ఖర్చుపెట్టి తీయించుకున్న పెళ్లి క్యాసెట్లు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. వాటిని వేసి చూసే యంత్రం లేదు. వీసీఆర్‌లు తయారుచేసిన చివరి పెద్ద కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జూలైతో వాటి తయారీ ఆపేసింది. ఆ టేపులు తేమకి బూజు పడుతున్నాయి. ఇంట్లో అలాంటివి ఉంటే ఈ ఏడాదే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఆలస్యం చేస్తే ఆ పని చేసిపెట్టేవాళ్లు కూడా దొరకరు.

అదే పెళ్లిలో తీసిన ఫోటో చూడండి. రంగు కాస్త వెలిసి ఉండొచ్చు, అంచున మరక పడి ఉండొచ్చు. కానీ చూడటానికి కరెంటు అక్కర్లేదు, చార్జరు అక్కర్లేదు, తాళంమాట అక్కర్లేదు. చూపు మందగించిన అమ్మమ్మ కూడా చేత్తో తడిమి "ఇదిగో, ఇది మా చెల్లెలు" అంటుంది.

కాబట్టి కెమెరాలో వీడియో ఉంటే ఉండనివ్వండి. దానికోసం మాత్రం డబ్బు పోయొద్దు. ఏటా ఓ పాతిక ఫోటోలు ఎంచుకుని అచ్చు వేయించండి. వెనకాల పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే ఫోనులో వాళ్ల గొంతు నిమిషం సేపైనా పట్టి, రెండుచోట్ల దాచండి. కొట్టువాడు చెప్పే 4కె కంటే మన మనవరాళ్లకి ఉపయోగపడేవి ఇవే. ఏమంటారు?